లాడ్జి మేనేజరు చెప్పని మాట

ఈ మధ్య మా మనవరాలు ఫోనులో ఏదో నవ్వుల సీరియల్ ఆఖరి భాగం చూసింది. చూసిన రెండు నిమిషాలకే మొహం ఎర్రగా చేసుకుని, దాన్ని రాసినవాళ్లను తిడుతూ బొటనవేళ్లతో టకటకా ఏదో కొట్టింది. ఎవరికి పంపావే అంటే "లోకానికి" అంది. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. లోకానికి కాదుగాని, ఇలాంటి తిట్లే ఒకసారి నేను మద్రాసు టీవీ స్టేషనుకి పంపాను. పది వేళ్లతో, తమిళ టైపు మిషను మీద, కార్బన్ కాపీతో సహా కొట్టి మరీ పంపాను.

మీరంతా కుర్రవాళ్లు, రేపో మాపో ఏదో ఒక ఆఫీసులో కూర్చునేవాళ్లు. మీకోసమే ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

సింగానల్లూరు దగ్గర ఒక నూలు మిల్లులో టైపిస్టుగా ముప్ఫై ఏళ్లకు కాస్త తక్కువ పనిచేశాను. ఆ కాస్త తక్కువ ఎందుకయిందో చివర్లో మీకే తెలుస్తుంది. నేను చదివింది తమిళం, కొట్టింది తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మాత్రం ఎన్ని తరాల కిందట వెంట తెచ్చుకున్నదో, మా తెలుగు. ఈ అక్షరాలు ఉద్యోగం పోయాక నేర్చుకున్నాను, ఎందుకంటే ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. చిన్నప్పటినుంచీ అంతే, కాలు ఒకచోట నిలవదు. "నీ కుర్చీలో ముండ్లు ఏమైనా ఉండాయా?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

నా టైపు మిషనుకి ఒక జబ్బుండేది. 'క' అక్షరం మిగతా అక్షరాల వరుసలో ఉండకుండా ఒక మెట్టు పైకి ఎగిరి కూర్చునేది. ఎంతమంది మెకానిక్కులు చూసినా దిగిరాలేదు. మిల్లులో గోడకి ఏ నోటీసు అంటించినా, దూరంనుంచే అది నా చేతి పని అని తెలిసిపోయేది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అప్పట్లో ఇంటింటికీ టీవీ లేదు. మిల్లు క్లబ్బులో ఒకటుండేది, చెక్క పెట్టెలో, తాళం వేసి. ప్రతి గురువారం సాయంత్రం మొదటి షిఫ్టువాళ్లు ఇంటికిపోయి స్నానం చేసి, పెళ్లాం బిడ్డలతో సహా మళ్లీ మిల్లుకే వచ్చేవాళ్లు. ఆ రోజు వచ్చే నవ్వుల సీరియల్ అలాంటిది. కథ మద్రాసులో ఒక పాత లాడ్జిలో జరుగుతుంది. అందులో ఏడుగురు అద్దెకున్నవాళ్లు, ఒక మేనేజరు. ఆ మేనేజరు పొట్టిగా, గుండ్రంగా, నడుముకి తాళాల గుత్తి కట్టుకుని తిరిగేవాడు. నీళ్లు రాకపోయినా, పైకప్పు కారినా, ఎవడి పెట్టె పోయినా ఒకటే మాట అనేవాడు. "పాత్తుక్కలాం." అంటే చూసుకుందాంలే అని. ఆ మాటకి హాలంతా పగలబడి నవ్వేది. నెల తిరిగేసరికి మిల్లంతా అదే మాట. దారం తెగితే పాత్తుక్కలాం, క్యాంటీనులో సాంబారు అయిపోతే పాత్తుక్కలాం, బస్సు తప్పిపోతే పాత్తుక్కలాం.

ఆ మాటను అందరికన్నా బాగా అనేవాడు ఒక సైడరు. రింగ్ ఫ్రేముల మధ్య అటూ ఇటూ నడుస్తూ, తెగిన దారాలు అతికే పనివాణ్ని సైడరు అంటారు. నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. వరసకి ఏమీ కాకపోయినా నన్ను అన్నా అనేవాడు, ఇద్దరం ఇంట్లో మాట్లాడేది ఒకే తెలుగు గనక. ఫ్రేముల షెడ్డులో శబ్దానికి పక్కవాడి అరుపు కూడా వినపడదు. అక్కడివాళ్లంతా గొంతు విప్పకుండా పెదవులతో మాట్లాడుకుంటారు, ఎదుటివాడి పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. ఇతనికి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, టీ కొట్టు దగ్గర కూడా గొంతు లేకుండా కబుర్లు చెప్పేవాడు. అతనితో తిరిగి తిరిగి, ఆఫీసు మనిషినైన నాకూ ఆ విద్య కొంత అబ్బింది.

ఆ రోజుల్లోనే అతనికి ఒక పిలుపు వచ్చింది. అతని బావ, అంటే భార్య అన్న, ఉడుమలైపేటలో ఒక చిన్న మిల్లులో ఉన్నాడు. అక్కడ ఫిట్టరు పని ఒకటి ఖాళీ అయిందని, శనివారంలోగా జవాబు అందితే అతనికే ఇప్పిస్తానని రాశాడు. మా సైడరుకి ఏమీ తోచలేదు. ఇక్కడ పద్నాలుగేళ్ల నౌకరీ, పెద్ద మిల్లు, క్లబ్బు, స్నేహితులు. అక్కడ కొబ్బరితోటల మధ్య పదిమంది పనిచేసే షెడ్డు. ఆ వారమంతా వెళ్లనా వద్దా అని నా తల తిన్నాడు.

బుధవారం పొద్దున మిల్లు సెక్రటరీ నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు వేయించాడు. ఒక నోటీసు చెప్పి రాయించాడు. వచ్చే నెల ఒకటో తేదీనుంచి పాత రింగ్ ఫ్రేముల షెడ్డు మూసేస్తారు, అందులో పనిచేసేవాళ్లు ఇక రావలసిన పనిలేదు, ఇదీ సంగతి. సోమవారం షిఫ్టు మారే వేళకి గోడమీదికి ఎక్కుతుంది. "ఇది బైటికి పొక్కిందంటే ముందు పోయేది నీ సీటు," అన్నాడు.

మా సైడరు పనిచేసేది ఆ షెడ్డులోనే.

కొట్టాను. ఎప్పుడూ తప్పు కొట్టనివాణ్ని ఆ రోజు మూడు కాగితాలు పాడుచేశాను. నోటీసు సెక్రటరీ డ్రాయరులో పడి తాళం పడింది. నేను నా కుర్చీలోకి వచ్చి కూర్చోలేక నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాను, అక్కణ్నుంచి కిటికీ దగ్గరికి, కిటికీనుంచి మళ్లీ కుండ దగ్గరికి. సాయంత్రానికి కుండ ఖాళీ చేశాను. సైడరుకి చెప్పాలని ఉంది. నా సీటు కూడా కళ్లముందు ఆడుతోంది. ఇంట్లో నలుగురు బిడ్డలు. రేపు చెబుదాం అనుకున్నాను.

గురువారం ఆ సీరియల్ ఆఖరి భాగం. హాలు కిక్కిరిసింది. పక్క మిల్లునుంచి కూడా కొందరు వచ్చారు. మొదట్లో అంతా నవ్వులే. ఏడుగురూ కలిసి ఏదో పెళ్లికి తిరుచ్చి వెళతారు, మేనేజరు బస్సు దాకా వచ్చి సాగనంపుతాడు. తిరిగివచ్చేసరికి లాడ్జి తలుపుకి పెద్ద తాళం. పెట్టెలన్నీ వీధిలో వరసగా ఉన్నాయి. యజమాని అమ్మేశాడట. మేనేజరు మెట్లమీద కూర్చుని ఉంటాడు, నడుముకి గుత్తి లేదు. నీకు ఎప్పటినుంచి తెలుసని ఒకడు అడుగుతాడు. మూడు వారాలనుంచి తెలుసంటాడు. మరి ఎందుకు చెప్పలేదంటే, నవ్వి, "పాత్తుక్కలాం" అంటాడు. అంతే, అయిపోయింది. తెరమీద పేర్లు వచ్చేశాయి.

హాలులో ఒక్కరూ నవ్వలేదు. ఏదో భాగం మిగిలి ఉందేమో అన్నట్టు అందరూ అలాగే చూస్తూ కూర్చున్నారు. వార్తలు మొదలయ్యాక నూలు చిలపలు చుట్టే రీలింగులో పనిచేసే ఒకావిడ లేచి "అడప్పావి!", అంటే ఓరి పాపిష్టోడా, అని తెరను తిట్టింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఒకరు చెప్పు ఎత్తారు, ఇంకొకరు ఆపారు. క్లబ్బు కాపలావాడు గబగబా టీవీ పెట్టెకి తాళం వేశాడు. అది చూసి జనానికి ఇంకా కోపం వచ్చింది.

"వాడికి తెలుసు గదా! మూడు వారాలు తెలిసిండీ యాల చెప్పలేదు?" అని సైడరు నన్ను పట్టుకున్నాడు, ఆ సీరియల్ నేనే రాసినట్టు.

మరునాడు మిల్లులో ఇంకో మాట లేదు. పంచింగు దగ్గర అదే, క్యాంటీనులో అదే. ఒకావిడ తనకి అన్నం దిగలేదంది. ఒక ముసలి మేస్త్రీ జీవితంలో మళ్లీ టీవీ చూడనని దేవుడిమీద ఒట్టేశాడు. గాంధీపురం బస్సులో కండక్టరు కూడా టికెట్లు మానేసి ఇదే వాదిస్తున్నాడని ఎవరో చెప్పారు. రెండో షిఫ్టువాళ్లు చూడలేదు గదా, వాళ్లకి మధ్యాహ్నం గేటు దగ్గర కథ చెప్పారు. విన్నవాళ్లకి చూసినవాళ్లకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

మిల్లువాళ్లకి కోపమొస్తే తెలిసిన దారి ఒకటే. కోరికల పత్రం రాసి, సంతకాలు పెట్టి, పైవాళ్లకి పంపడం. టీవీ స్టేషనువాళ్లు తమ మిల్లు యజమానులు కారన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మధ్యాహ్నం భోజనం వేళ సైడరు ఒక గుంపును వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు.

"అన్నా, కొట్టు. మొదటి కోరిక. ఆఖరి భాగాన్ని వాపస్ తీసుకోవల్ల."

కొట్టాను.

"రెండోది. మళ్లీ తీసేటప్పుడు, మేనేజరు ఆ ఏడు మందికీ ఒక వారం ముందే చెప్పేసినట్టు తీయవల్ల."

నా వేళ్లు ఆగాయి. "పాపం, అతను నౌకరీ చేసుకునేవాడు గదా. చెప్తే యజమాని ఊరుకుంటాడా? అతని పని పోదూ?" అన్నాను. ఎవరికోసం అడుగుతున్నానో నాకు మాత్రమే తెలుసు.

"పోనీలే అన్నా! వాడొకడు, వాడికి ఇంకో లాడ్జి దొరుకుతాది. ఆ ఏడు మంది పెట్టెలు యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు సైడరు. అందరూ ఔనంటే ఔనన్నారు.

"నవ్విస్తా ఉండినాడు సార్ ఇన్నాళ్లు, అదే నాకు ఎక్కువ కడుపుమంట," అంది రీలింగు ఆవిడ. "తెలిసిన మనిషి నవ్వించకూడదు. అదీ రాయండి."

అదీ రాశాను. మూడో కోరికగా. ఆ కాగితం నిండా 'క' అక్షరాలు ఎగిరెగిరి నన్నే చూస్తున్నట్టనిపించింది. కింద మొదటి సంతకం సైడరుది. అసలు కాగితం టపాలో పంపడానికి నేను ఉంచుకున్నాను, కార్బన్ కాపీ మడిచి అతనే జేబులో పెట్టుకున్నాడు. వాళ్లు వెళ్లాక నేను కూర్చోలేకపోయాను. ఏ పనీ లేకుండా స్టోరుకి వెళ్లాను, గేటుకి వెళ్లాను, రెండుసార్లు పాత షెడ్డు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. లోపలనుంచి సైడరు చూసి, ఏమన్నా? అని పెదవులతో అడిగాడు. ఏమీ లేదని చేయి ఊపాను.

సాయంత్రం ఇద్దరం బస్సు స్టాపు దాకా నడిచాం. స్టాపు పక్కనే ఎర్ర పోస్టు డబ్బా ఉంది. దాని ముందు సైడరు ఆగి, చొక్కా జేబులోనుంచి రెండు కార్డులు తీశాడు.

"చూడన్నా, రెండూ రాసేస్తిని. ఇది వస్తానని, ఇది రానని. ఇప్పుడు వేస్తేదాన్ రేపు అందుతాది బావకి. నువ్వు ఆఫీసులో ఉండేవాడివి, అన్నీ తెలిసినోడివి. నువ్వు చెప్పు. ఇక్కడ మన మిల్లు నడుస్తాదా? ఏది వేసేది?"

వీధిలో జనం వస్తున్నారు, పోతున్నారు. మా గుమాస్తా ఒకడు రెండడుగుల దూరంలో బీడీ వెలిగించుకుంటున్నాడు. వెళ్లు అన్న ఒక్క మాట చాలు. ఎందుకు అని అతను అడగడు కూడా. నోరు తెరిచాను. దాంట్లోంచి వచ్చింది ఇదీ:

"పాత్తుక్కలాం."

సైడరు పగలబడి నవ్వాడు. అంత మంచి సమయంలో అంత మంచి మాట పడిందని. నవ్వుతూనే నా భుజం చరిచి, "సరి, అయితే ఇక్కడే చూసుకుందాంలే," అని రానన్న కార్డు డబ్బాలో పడేశాడు. రెండోది నా చేతిలో పెట్టి, "ఇది చించేయన్నా," అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు.

నేను చించలేదు. శనివారం అది నా జేబులో ఉంది. ఆదివారం అది జేబులో ఉండగానే సైకిలు మీద సింగానల్లూరు చెరువు చుట్టూ రెండుసార్లు తిరిగాను. అతని వీధి మొదట్లో దిగి, సైకిలు గొలుసు జారినట్టు కాసేపు నటించి, తిరిగివచ్చాను. పిరికివాణ్ని. వేరే మాట వెతకడం నాకిష్టం లేదు.

సోమవారం షిఫ్టు మారే వేళకి నోటీసు గోడమీద పడింది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అంతా బోర్డు ముందు గుమికూడారు. గురువారం తెరను తిట్టిన గొంతులు ఇప్పుడు పైకి లేవలేదు. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకి మెల్లగా చదివి చెబుతున్నారు. నేను ఆఫీసు మెట్ల దగ్గర నిలుచున్నాను.

సైడరు నోటీసు చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత జేబులోంచి మడతలు పడిన కార్బన్ కాపీ తీసి, విప్పి, నోటీసు పక్కన పట్టుకున్నాడు. రెండింటిలోనూ 'క' ఒకే మెట్టు పైకి ఎగిరి ఉంది. వేలితో ఇక్కడొకసారి, అక్కడొకసారి తాకాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. జనానికి వీపు పెట్టి, నాకు ఎదురుగా నిలుచున్నాడు. అతని పెదవులు నాకు తప్ప ఎవరికీ కనపడవు. గొంతు లేకుండా అడిగాడు.

"ఏది ముందు కొడితివి?"

నేనూ గొంతు లేకుండానే చెప్పాను. "నోటీసు."

"ఎప్పుడు?"

"బుధవారం."

అతను తలూపాడు. ఆ ఒక్క మాట గట్టిగా అడిగి ఉంటే ఆ రోజు గేటు దగ్గర నన్ను ఏం చేసేవాళ్లో తెలియదు. కడుపులోని మంటంతా పెదవుల మీదే ఆపుకున్నాడు. నేను జేబులోంచి ఆ కార్డు తీసి ఇచ్చాను. చూశాడు, తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి ఉడుమలైపేట వెళ్లాడట. రానన్న కార్డు శనివారమే అందిందట. సోమవారం పొద్దుననే ఇంకెవరినో పనిలో పెట్టేశారట. మరునాడు తిరిగివచ్చాడు. ఇదంతా నాకు వేరేవాళ్లు చెప్పారు.

రెండు నెలల తర్వాత మిల్లు చిరునామాకి టీవీ స్టేషనునుంచి జవాబు వచ్చింది, మొదటి సంతకం పేరుమీద. ఆ పేరుగలవాడు మిల్లులో లేడు. పంపేయమని ఎవరికైనా ఇవ్వొచ్చు. నేనే తీసుకెళ్లాను. అప్పటికి అతను సింగానల్లూరులో నీటి పంపులు చేసే చిన్న వర్క్‌షాపులో పనిచేస్తున్నాడు. పంపు గొట్టాలు అరగదీసే మిషను ఒకటి అక్కడ గీపెడుతోంది. అతని పక్కన ఒక స్టూలు ఖాళీగా ఉంది. కూర్చోమనలేదు. నేను గడపలోనే నిలబడ్డాను.

ఉత్తరం విప్పి చదివాడు. మీ అభిప్రాయం అందింది, సంబంధించిన విభాగానికి పంపడమైనది, ఇట్లు అని ఉంది. మిషను ఆపాడు.

"చూస్తివా, వాండ్లకి కూడా ఒక టైపిస్టు ఉండాడు," అన్నాడు.

నన్ను క్షమించమని అడగడానికి బస్సులో అంతా మాటలు కూర్చుకున్నాను. ఒకటీ రాలేదు. పోతానని చెప్పి తిరిగాను.

"అన్నా," అన్నాడు వెనకనుంచి. రెండు నెలల్లో అతను నన్ను అన్నా అనడం అదే మొదలు. "ఇంకేమైనా తెలిసుంటే ఇప్పుడే చెప్పి పో."

ఇంకేమీ తెలియదన్నాను. నిజంగానే అప్పటికి తెలియదు. అతను మిషను వేసుకున్నాడు.

తెలిసిన రోజు ఇంకో ఏడాదికి వచ్చింది. సెక్రటరీ తలుపు వేయించాడు. ఈసారి కొత్త షెడ్డు. అవే మాటలు, తేదీ ఒకటే వేరు. "నోరు జాగ్రత్త," అన్నాడు. తప్పు లేకుండా ఒకే కాగితంలో కొట్టి చేతికిచ్చాను. నా గదికి వెళ్లలేదు. తిన్నగా కొత్త షెడ్డులోకి నడిచాను.

గాలిలో దూది తేలుతోంది. రోద చెవులు పగిలేలా ఉంది. ఆఫీసు మనిషి ఈ వేళప్పుడు లోపలికి వచ్చాడేమని దగ్గరి ఫ్రేము మనిషి తలెత్తి చూశాడు. చేయి పైకెత్తి, పెదవులు విడివిడిగా కదిపి చెప్పాను. ఈ షెడ్డు మూసేస్తారు. వచ్చే నెల. సగం అర్థం కానట్టుంది, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. అతను పక్క ఫ్రేము వైపు తిరిగాడు, ఆ మనిషి దాని పక్కదాని వైపు. అరుపు లేదు, మిషను ఒక్కటీ ఆగలేదు. నేను తలుపు చేరేసరికి ఆ చివరన ఉన్నవాడు కూడా నా వైపే చూస్తున్నాడు.

మరునాటికి నా సీటు పోయింది. ఎవరు చెప్పారని సెక్రటరీ అడిగితే, నేనే అని ఈసారి గొంతు విప్పి చెప్పాను. ఇంట్లో కొన్నాళ్లు చాలా ఇబ్బంది పడ్డాం. అదేదో వీరుడి పనని ఎవరూ అనుకోకండి, ఏడాది ఆలస్యంగా చేసిన పని అది.

షెడ్డులో చెప్పిన ఆ సాయంత్రం ఇంటికి పోకుండా వర్క్‌షాపు దగ్గర దిగాను. మిషను గీపెడుతోంది. సైడరు తలెత్తాడు. గడపలోంచే పెదవులతో చెప్పాను.

"కొత్త షెడ్డు కూడా. చెప్పేస్తిని."

"ఎప్పుడు కొడితివి?"

"ఈ రోజే."

"ఎప్పుడు చెప్తివి?"

"ఈ రోజే."

అతను కాలితో స్టూలు నా వైపు జరిపాడు.

వెళ్లి కూర్చున్నాను. అతని పని అయ్యేదాకా లేవలేదు.